అమ్మాయి హెచ్‌ఐవీ మీద పరిశోధన చేస్తానంటోంది, ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. అమ్మాయి ప్లస్ టూ రాసింది. బయాలజీ అంటే ప్రాణం, కానీ డాక్టరు కానంటోంది. హెచ్‌ఐవీ సోకిన మొదటి రోజుల్లో ఒంట్లో ఏం జరుగుతుందో, మన రోగనిరోధక శక్తి దాన్ని ఎందుకు ఆపలేకపోతోందో పరిశోధన చేస్తుందట. ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్సు విద్యా పరిశోధన సంస్థలు) ఎంట్రన్సుకు తనే అప్లై చేసుకుంది. ఆ రక్తంతో పని చేస్తే తనకేమవుతుందోనని వాళ్లమ్మకు నిద్ర పట్టడం లేదు. రేపు సంబంధాలు చూసేటప్పుడు ఏమని చెప్పుకోవాలి? ప్రస్తుతానికి చుట్టాలతో క్యాన్సర్ పరిశోధన అని చెబుతున్నాం. బీటెక్ బయోటెక్నాలజీలో ఏఐ ఉన్న కోర్సు మేలని మా బావమరిది సలహా. ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఈ వారంలోనే అడ్వాన్సు కట్టమంటున్నారు. రెండు దారులూ పోల్చి చెప్పండి.
— ఒక తండ్రి, చెన్నై

జవాబు: మీరు అడిగింది పోలిక. మీ మనసులో ఉన్నది మాత్రం వేరే రెండు ప్రశ్నలు: పిల్లకు జబ్బు అంటుకుంటుందా, పిల్లకు పెళ్లవుతుందా. క్షయ మీద పని చేస్తానన్న పిల్లల తల్లిదండ్రులూ, సైకియాట్రీ చదువుతానన్న పిల్లల తల్లిదండ్రులూ నా దగ్గరకు ఇవే రెండు భయాలతో వస్తుంటారు. ముందు అవి తేలితే గానీ కాలేజీల సంగతి మీ చెవికెక్కదు.

హెచ్‌ఐవీ గాలిలో రాదు, ముట్టుకుంటే రాదు, గాయం లేని చర్మంలోంచి లోపలికి పోదు. ల్యాబ్‌లో ముఖ్యంగా భయపడాల్సింది సూది గుచ్చుకోవడం గురించే. వైరస్ ఉన్న రక్తం అంటిన సూది నిజంగా గుచ్చుకున్నా, సోకే అవకాశం సుమారు 0.3 శాతం. అప్పుడు కూడా 72 గంటలు దాటకుండా, వీలైతే ఆ గంటలోనే మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కొంచెం ప్రమాదం కూడా చాలావరకు తప్పుతుంది. వైరస్‌ను పెంచి చేసే పనులకు బీఎస్‌ఎల్-3 అని కట్టుదిట్టమైన ల్యాబ్‌లు వేరే ఉంటాయి. వాటిలోకి కొత్త స్టూడెంటును నేరుగా పంపరు. యాంటీబాడీల మీద చేసే పరీక్షలు చాలావరకు సూడోవైరస్‌తో నడుస్తాయి. అది కణంలోకి ఒక్కసారి దూరగలదు, అంతే, మళ్లీ పెరగలేదు. మీ వీధి చివర డయాగ్నోస్టిక్ సెంటర్లో రక్తం తీసే అమ్మాయి ఎవరి రక్తంలో ఏముందో తెలియకుండానే రోజంతా తీస్తోంది. మీ అమ్మాయి అన్నీ తెలిసి, శిక్షణ తీసుకుని, గ్లవ్స్ వేసుకుని, సేఫ్టీ క్యాబినెట్ ముందు కూర్చుని పని చేస్తుంది. వాళ్లమ్మగారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఆ పని ఎలా ఉంటుందో కూడా చెబుతాను. రక్తాన్ని ఒక ద్రావణం మీద మెల్లగా, కలిసిపోకుండా పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. ఆగాక చూస్తే ట్యూబులో అడుగున ఎర్ర రక్తకణాలు, పైన పసుపు రంగు ప్లాస్మా, మధ్యలో పల్చటి తెల్లని పొర. రోగనిరోధక కణాలు ఉండేది ఆ పొరలోనే. దాన్ని పిపెట్‌తో చెదరకుండా తీయడం చేతికి రావడానికే చాలా రోజులు పడుతుంది. తీసినవాటిని ద్రవ నైట్రోజన్‌లో దాచి, తర్వాత ఫ్లో సైటోమీటర్‌లో ఒక్కో కణాన్ని లేజర్ ముందు నుంచి పంపి లెక్కపెడతారు. ఆ లెక్కలతో కంప్యూటర్ ముందు గడిపే రోజులే ఎక్కువ. మీరు ఊహించుకుంటున్న భయంకరమైన గది ఇదే.

ఇక పెళ్లి. చుట్టాలకు క్యాన్సర్ అని చెబుతున్నామన్నారు. కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమీ అనుకోకండి: ఇది తప్పు. పిల్ల ఇంకా కాలేజీ గడప తొక్కలేదు, దాని చదువు దాచుకోవాల్సిన విషయమని మీరు అప్పుడే నేర్పేశారు. రేపు సంబంధం వాళ్లు అడిగితే తలవంచుకునేది తను కాదు, మీరే. ఈ జబ్బు ఉన్నవాళ్లను ఇన్నేళ్లూ బతకనివ్వనిది వైరస్ ఒక్కటే కాదు, ఇలా దాచే అలవాటు కూడా. భయంతో పరీక్ష చేయించుకోనివాళ్లు, చేయించుకున్నా మందులకు వెళ్లనివాళ్లు ఎందరో. తాంబరం ఛాతీ ఆసుపత్రి లాంటి చోట్ల 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ వేసుకుని రక్తంలో వైరస్ కనబడని స్థాయికి తగ్గినవాళ్ల నుంచి భార్యకు గానీ భర్తకు గానీ లైంగికంగా సోకదు. ఈ సంగతి మీ చుట్టాలకు చెప్పగలిగే మనిషి మీ ఇంట్లోనే తయారవుతోంది.

ఇదే ఊళ్లో, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న మద్రాస్ మెడికల్ కాలేజీలో 1986లో ఏం జరిగిందో తెలుసా? దేశంలో హెచ్‌ఐవీ లేదని అందరూ అనుకుంటున్న రోజులు. మైక్రోబయాలజీ ప్రొఫెసర్ సునీతి సోలమన్ తన పీజీ విద్యార్థిని నిర్మలకు ఈ విషయం మీద థీసిస్ చేయమన్నారు. నిర్మల మొదట వెనకాడారు. ఇద్దరు చిన్నపిల్లల తల్లి. రిమాండ్ హోమ్‌లో ఉన్న సెక్స్ వర్కర్ల దగ్గరకు వెళ్లి రక్తం సేకరించాలి. ఆమెను ఒప్పించి, స్కూటర్ మీద అక్కడికి తీసుకెళ్లి దింపింది ఎవరనుకున్నారు? భర్తే. దాచే చోటు లేక ఆ శాంపిళ్లు ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టుకున్నారు. ఇప్పుడు ఏ ల్యాబూ అలా చేయనివ్వదనుకోండి. వెల్లూరు సీఎంసీలో పరీక్ష చేస్తే ఆరింటిలో పాజిటివ్ వచ్చింది. దేశంలో బయటపడ్డ మొదటి కేసులు అవే. సునీతి గారు తర్వాత 1993లో వైఆర్‌జీ కేర్ అనే సంస్థ పెట్టి, హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు వైద్యంతో పాటు వాళ్లలో వాళ్లకు పెళ్లి సంబంధాలు కూడా కుదిర్చారు. జబ్బు ఉన్నవాళ్లకే ఈ ఊళ్లో పెళ్లిళ్లయ్యాయి. దాని మీద చదువుకున్న పిల్లకు కాదని మీకెవరు చెప్పారు? ఈ చదువు చూసి వెనక్కి తగ్గే సంబంధం తగ్గితేనే మంచిది.

మీ అమ్మాయి అడుగుతున్న ప్రశ్న చిన్నది కాదు. వైరస్ లోపలికి వెళ్లిన మొదటి పదిరోజులూ దాదాపు ఏ రక్తపరీక్షకూ దొరకదు. ఆ తర్వాత ఒక్కసారిగా పెరిగి, మూడు నాలుగు వారాలకల్లా మిల్లీలీటరు రక్తంలో లక్షలు, కొందరిలో కోట్లు ఉంటుంది. జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు వైరల్ ఫీవర్ అనుకుని వదిలేస్తారు. అప్పటికే పేగుల్లోని సీడీ4 కణాలు, అంటే రోగనిరోధక శక్తిని నడిపించే తెల్లరక్తకణాలు, భారీగా నాశనమవుతాయి. వైరస్ సోకిన కణాలను చంపే సీడీ8 కణాలు వచ్చి వైరస్‌ను తగ్గిస్తాయి గానీ, అది రూపం మార్చుకుంటూ తప్పించుకుంటుంది. తొలిసారి పుట్టే యాంటీబాడీలు వైరస్‌ను అడ్డుకోలేవు. అడ్డుకోగలిగేవి తయారయ్యేసరికి, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. ఈలోగా వైరస్ కొన్ని కణాల్లో నిద్రపోతూ దాక్కుంటుంది. మందులు ఆపితే అక్కడి నుంచే లేస్తుంది. కోతుల్లో, రక్తంలో ఇంకా వైరస్ కనబడకముందే, మూడో రోజునే మందులు మొదలుపెట్టినా, ఆపాక మళ్లీ వచ్చిందని 2014లో తేలింది. ఆ మొదటి మూడు రోజుల్లో ఏం జరిగిందన్నదే మీ అమ్మాయిని పట్టుకున్న ప్రశ్న.

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో ఫ్రెష్ అనే అధ్యయనంలో 18 నుంచి 23 ఏళ్ల యువతులకు వారానికి రెండుసార్లు పరీక్ష చేస్తూ, సోకిన తొలి రోజుల్లోనే పట్టుకుని వెంటనే మందులు ఇస్తున్నారు. వచ్చిన ప్రతిసారీ ఆ అమ్మాయిలకు ఉద్యోగానికి పనికొచ్చే శిక్షణ క్లాసులూ ఉంటాయి. ఈ ఒక్క వివరం కోసమైనా దాని గురించి మీ అమ్మాయిని చదవమనండి. సైన్సుతో పాటు మనుషుల్ని ఎలా చూసుకోవాలో కూడా ఈ రంగంలో నేర్చుకోవాలి.

కష్టాలు దాచను. టీకా ప్రయత్నాలు చాలా వరకు విఫలమయ్యాయి. 2009లో థాయ్‌లాండ్ ప్రయోగంలో 31 శాతం రక్షణ కనబడింది. దాని దారిలో దక్షిణాఫ్రికాలో నడిచినదాన్ని 2020లో ఆపేశారు, 2023లో ఇంకో పెద్దది ఆగిపోయింది. అమెరికా ప్రభుత్వం 2025లో టీకా పరిశోధన బృందాలకు నిధులు పొడిగించేది లేదంది. డిగ్రీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్లు, పైన పోస్ట్‌డాక్ అని కొన్నాళ్ల తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. పర్మినెంటు పోస్టులు తక్కువ. అయితే పీహెచ్‌డీకి జేఆర్ఎఫ్ అనే ప్రభుత్వ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు వస్తాయి, పైగా హెచ్‌ఆర్‌ఏ. మీ జేబులోంచి పెట్టక్కర్లేదు. ఇమ్యునాలజీ, అంటే ఈ రోగనిరోధక శక్తి శాస్త్రం, చేతికొస్తే క్షయ, క్యాన్సర్, టీకాల కంపెనీలు, ఎక్కడైనా పని దొరుకుతుంది. ఒక్క వైరస్‌కే కట్టుబడిపోదు.

మీ బావమరిది గారు చెప్పిన కోర్సు మీద నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. బీటెక్ బయోటెక్‌లో మొదటి ఏడాది ఎక్కువ భాగం ఇంజినీరింగ్ అందరికీ ఉండే సబ్జెక్టులే. ఆ పక్కన ఏఐ అని తగిలించాక, జీవశాస్త్రం ల్యాబ్‌కు మిగిలే గంటలు ఇంకా తగ్గుతాయి. బ్రోషర్‌లో ప్లేస్‌మెంట్లు చూపిస్తారు. అందులో ఎంతమంది బయోటెక్ కంపెనీల్లో చేరారు, ఎంతమంది సాఫ్ట్‌వేర్‌లో చేరారు అని అడగండి. నేను అడిగిన చోట్ల సూటిగా జవాబు రాలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే కావాలంటే దానికి కంప్యూటర్ సైన్సు ఉంది. ఇమ్యునాలజీ కావాలంటే ఈ బీటెక్ తర్వాత కూడా మళ్లీ పీజీయో పీహెచ్‌డీయో చేయాల్సిందే. టీకాలు, మందులు పెద్ద ఎత్తున తయారుచేసే ఫ్యాక్టరీ పని ఇష్టమైన పిల్లలకు మంచి బీటెక్ బాగానే పనికొస్తుంది, కాదనను. మీ అమ్మాయి అడిగింది అది కాదు. ఏఐ అన్న మాట చూసి లక్షలు పోయకండి. ఆ లెక్కలు, కోడింగ్ ఏ డిగ్రీలో ఉన్నా పక్కన నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా.

తను రాసే ఐసర్ పరీక్షే సరైన దారి. తిరుపతి ఐసర్ మీకు దగ్గరే, డిగ్రీ, పీజీ కలిపి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. ఐఐటీ మద్రాసులో 2023లో మొదలైన మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజినీరింగ్ కోర్సుకూ ఆ ర్యాంకే చూస్తారు. రాకపోతే టెన్షన్ పడకండి. చెన్నైలో మంచి కాలేజీలో బీఎస్సీ మైక్రోబయాలజీ లేదా బయోకెమిస్ట్రీ, తర్వాత తరమణిలోని మద్రాస్ యూనివర్సిటీ క్యాంపస్‌లో గానీ బయట గానీ ఎంఎస్సీ. ఫీజు తక్కువ. చేట్‌పేటలో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థలో హెచ్‌ఐవీ మీద కూడా పని జరుగుతుంది. డిగ్రీ నడుస్తుండగా అలాంటి చోట ఒక ప్రాజెక్టు చేస్తే, తనకు నిజంగా ఈ పని నచ్చుతుందో లేదో తెలిసిపోతుంది. నచ్చకపోతే మారడానికి అప్పటికి ఇంకా టైముంది.

అడ్వాన్సు ఈ వారం కట్టకండి. సీట్లు అయిపోతున్నాయని ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు, చేయనివ్వండి. ఐసర్ ఫలితం వచ్చేదాకా ఆగండి. తప్పదనుకుంటే, మానుకున్నప్పుడు ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. ఈసారి ఆ యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేస్తే మీరు మాట్లాడకుండా అమ్మాయికివ్వండి. అడగాల్సినవి తనకే బాగా తెలుసు.