పెద్దవాళ్ల కదలికలను కొలిచే పని: ఫిజియోథెరపీ తర్వాత ఒక దారి

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అమ్మాయి బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో ఉంది. క్లినిక్ పెట్టుకోమంటే, పెద్ద వయసువాళ్లు రోజులో ఎంత కదులుతున్నారో, ఎంతసేపు కూర్చుంటున్నారో కొలిచే పరిశోధనలోకి వెళ్తానంటోంది. భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉంటుందండీ. కాకపోతే మొదట్లో దొరికేవి ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే. ప్రాజెక్టు అయిపోతే మళ్లీ వెతుక్కోవాలి. ఈ పనికి ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) కంటే ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) మేలు, గణాంకాలు గట్టిగా నేర్పుతారు. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలోని అచ్యుత మీనన్ కేంద్రం, హైదరాబాద్ ఐఐపీహెచ్ (ప్రజారోగ్య సంస్థ) నోటిఫికేషన్లలో అర్హతలు చూసుకోండి.

అసలు కష్టం కొలతలోనే ఉంది. నడుముకు యాక్సెలరోమీటర్ (కదలికలను నమోదు చేసే చిన్న యంత్రం) 7 రోజులు కడతారు. రోజుకు 10 గంటల చొప్పున కనీసం 4 రోజులు ఉంటేనే ఆ మనిషి డేటాను తీసుకోవడం పరిపాటి. కదలికను యంత్రం కౌంట్లుగా లెక్కేస్తుంది, నిమిషానికి 100 కౌంట్ల లోపుంటే కూర్చున్నట్టు లెక్క. కానీ కదలకుండా నిలబడి కూరలు తరిగే మామ్మగారూ అందులోనే పడతారు. కాలవగట్టు మీద సైకిల్ తొక్కే తాతగారి శ్రమ నడుము మీది యంత్రానికి పెద్దగా అందదు. తొడకు అంటించే యంత్రం కూర్చోవడాన్నీ నిలబడడాన్నీ వేరుచేస్తుంది గానీ, గొంతుక్కూర్చుని కలుపు తీస్తే దాన్నీ కూర్చోవడంగానే రాసేస్తుంది. అందుకే పక్కన రోజువారీ డైరీ తప్పనిసరి.

ఇంకో చిక్కు. వరసగా 60 నిమిషాలు సున్నా వస్తే యంత్రం తీసేశారని అనుకోవడం ఒక పద్ధతి. అరుగు మీద కదలకుండా కూర్చున్న పెద్దాయన నిజమైన గంట అలా చెత్తబుట్టలోకి పోతుంది. పెద్దవాళ్లకు 90 నిమిషాల నియమమే నయం. నిమిషానికి 1952 కౌంట్లను మధ్యస్థ శ్రమకు హద్దుగా పెట్టింది యువకుల మీద. దాన్నే వాడితే, మెల్లగా నడిచినా ఆయాసపడే 75 ఏళ్ల మనిషి శ్రమ తేలికపనిగా తేలుతుంది.

మన డెల్టా ఉక్కకు తొడ మీది యంత్రాన్ని అంటించే ప్లాస్టరు కింద దద్దుర్లొస్తాయి. రోజూ చర్మం చూడాలి, ఎర్రబడితే రెండో కాలికి మార్చాలి. నడుముకు కట్టినదాన్ని స్నానానికి తీసి మళ్లీ పెట్టుకోవడం మర్చిపోతారు కాబట్టి, ఇంట్లో ఎవరికైనా గుర్తుచేసే బాధ్యత అప్పగించాలి.

పరికరాలు కొనలేని చోట శారీరక శ్రమ గురించి అడిగే జీపీఏక్యూ ప్రశ్నావళి ఉంది, 16 ప్రశ్నలు. "రోజుకెన్ని గంటలు కూర్చుంటారు?" అనడిగితే తక్కువ చెబుతారు. పొద్దుటి కాఫీ నుంచి భోజనం దాకా, భోజనం నుంచి టీవీ కట్టేసేదాకా విడివిడిగా అడగాలి.

ఈ ఇంటర్న్‌షిప్‌లోనే అమ్మాయిని గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్, అందులో యాక్సెలరోమీటర్ డేటాను విశ్లేషించే జీజీఐఆర్ ప్యాకేజీ మొదలుపెట్టమనండి, రెండూ ఉచితమే. గైడ్‌తో మాట్లాడి పదిమంది పెద్దవాళ్లతో చిన్న అధ్యయనం చేస్తే ఇంకా మంచిది. దానికీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో రాసిన సమ్మతిపత్రం ముందే ఉండాలి.