అన్నా కాదు, అక్కా కాదు: పనిచేసే చోట నా హక్కులేంటి?

అడిగిన ప్రశ్న: అనంతపురంలో బట్టల షాపులో బిల్లింగు చూస్తాను. నన్ను నేను మగ అనీ అనుకోను, ఆడ అనీ అనుకోను. షాపులో ఎగతాళి చేస్తున్నారు. చట్టం నాకు వర్తిస్తుందా?

2019లో చట్టం వచ్చినప్పుడు మీలాంటివాళ్ళకూ వర్తించింది; ఆ తర్వాత ఏమైనా మారిందేమో ఒకసారి లాయరును అడగండి. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు మూడో జెండర్‌ను గుర్తించింది. తన జెండర్ ఏదో చెప్పుకునే హక్కు మనిషిదేనని, దానికి ఆపరేషన్ అడగకూడదని చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణకు 2019లో వచ్చిన చట్టంలో 9వ సెక్షన్ ఉద్యోగంలో చేర్చుకోవడంలో, ప్రమోషన్‌లో వివక్ష చూపొద్దంటుంది. ఇది కంపెనీలకే కాదు, ప్రైవేటు షాపులకూ వర్తిస్తుంది. 11వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషిని యజమాని నియమించాలి. ఆ మనిషి ఎవరని ముందు రాతపూర్వకంగా అడగండి. ఎగతాళి జరిగిన తేదీ, అన్న మాట, పక్కన ఎవరున్నారో నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఇది చాలా ముఖ్యం. నోటిమాటగా చెబితే "ఊరికే అన్నాంలే" అని దాటేస్తారు.

పిలుపు సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది. మన సీమలో కొత్తవాళ్ళనైనా అన్నా, అక్కా అనే పిలుస్తాం. ఆ ప్రేమే మీకు రోజూ ముల్లవుతుంది. కానీ తెలుగులో దారుంది: పేరు పక్కన "గారు" చేర్చి, "వచ్చారు, తిన్నారు" అంటే ఆడా మగా తేడా రాదు. కర్నూలులో నేను పనిచేసేచోట ఒకరి కోసం ఇలాగే మొదలుపెట్టాం. వారం తిరక్కముందే అందరికీ అలవాటైంది. హాజరు పుస్తకంలో "శ్రీ/శ్రీమతి" గడి కొట్టేసి ఉత్త పేరే రాశాం. మీ షాపులోనూ అది అడగండి, పైసా ఖర్చు లేదు.