రాత్రి రక్తం, సుబ్బారావు మాత్ర

ప్రశ్న: గ్రూప్స్ కోచింగ్‌లో దోమ అనగానే రోనాల్డ్ రాస్, సికింద్రాబాద్, 1897 అని రాయించారు. యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా దోమ జబ్బుకు మందు కనిపెట్టారని మా నాన్న అంటాడు. పరిశోధన పత్రాల్లో ఆయన పేరే లేదని మా సార్ అంటారు. ఎవరిది నిజం? మా అవ్వకు బోదకాలు. ఆ మందు ఇప్పుడు వేస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీ నాన్నదే నిజం తల్లీ. ఆ మందు పేరు డైఇథైల్ కార్బమజైన్. మేమంతా డీఈసీ అంటాం. చిత్తూరు జిల్లాలో ఫైలేరియా (బోదకాలు తెచ్చే జబ్బు) పని మీద ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి, ఆ మాత్రలు ఇంటింటికీ పంచినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మా డ్యూటీ రాత్రి ఎనిమిది దాటాక మొదలయ్యేది. టార్చి, స్లైడ్ల పెట్టె, సూదులు, దూది. తలుపు తడితే, "ఈ రాత్రిపూట రక్తమేంది సామీ, పొద్దున రాకూడదా?" అనేవాళ్లు. పొద్దున వస్తే దొరకదు. ఫైలేరియా పిల్ల పురుగులు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి వేలికొసల దాకా వస్తాయి. వాటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ రాత్రే. ఎడమచేతి ఉంగరపు వేలు గుచ్చి, చుక్కను స్లైడు మీద పరిచి ఆరబెట్టేవాళ్లం. మర్నాడు రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, పురుగు సన్నటి దారం ముక్కలా వంకర తిరిగి, లోపల చుక్కలు చుక్కలుగా కనిపించేది. నిన్న నవ్వుతూ చెయ్యి చాపిన మనిషి రక్తంలో దాన్ని చూస్తే టీ కూడా తాగబుద్ధయ్యేది కాదు.

దీనికి మందు కావాలన్న తొందర రెండో ప్రపంచ యుద్ధంలో వచ్చింది. పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులు వేలమంది ఈ జబ్బు తగిలించుకున్నారు. భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు 1940లో అమెరికాలోని లెడర్లీ లేబొరేటరీస్ అనే మందుల కంపెనీలో చేరి, తర్వాత అక్కడి పరిశోధనలకు పెద్ద అయ్యారు. ఆ బృందం రకరకాల రసాయనాలను ఫైలేరియా సోకిన కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించి డీఈసీని పట్టింది. 1947లో పత్రం వచ్చింది. అందులో మొదటి పేరు హెవిట్‌ది. సుబ్బారావు పేరూ ఉంది, వరసలో చివరన. మీ సార్ అంతదాకా చదివినట్టు లేరు. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చిన ఫలితాలూ అచ్చయ్యాయి. హెట్రజాన్ పేరుతో అమ్మిన మందు అదే.

అయితే మీ సార్ మాటను పూర్తిగా కొట్టెయ్యను. 1948లో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ బయటికొచ్చినప్పుడు దాని పత్రం మీద ఉన్నది బెంజమిన్ డగ్గర్ పేరు. ఆ పని జరిగిందీ సుబ్బారావు పరిశోధనలు నడిపిన సంస్థలోనే. తన పేరు కూడా అచ్చు కావాలని ఆయన పట్టుబట్టలేదు. అది గొప్పతనమే, కానీ పరీక్షల్లో మార్కులు తెచ్చే గొప్పతనం కాదు! ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు.

రాస్ చేసింది వేరే పని. మలేరియా రోగిని కుట్టించిన దోమను కోసి, దాని పొట్ట గోడలో పరాన్నజీవిని చూశాడు. అది 1897 ఆగస్టు 20. కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కు దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. రాస్ జబ్బు దారి చూపించాడు, సుబ్బారావు బృందం ఇంకో జబ్బుకు మందు ఇచ్చింది. పోటీ ఏముంది?

ఇక మీ అవ్వ సంగతి. డీఈసీ రక్తంలోని పిల్ల పురుగులను చంపుతుంది. ఏళ్లుగా వాచి గట్టిపడిన కాలిని మామూలు కాలిగా చెయ్యదు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టించండి. ఎర్రబడి జ్వరమొస్తే వెంటనే డాక్టరుకు చూపించండి. మాత్రలు పంచేటప్పుడు "మింగితే జ్వరమొస్తుంది" అని పారేసేవాళ్లను చాలామందిని చూశాను. రక్తంలో పురుగులున్నవాళ్లకు అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి రావచ్చు. అంటే మాత్ర పని చేస్తోందన్నమాట. పెద్దవాళ్లకు మూడు మాత్రలు, అన్నం తిన్నాకే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, జబ్బుతో మంచం పట్టినవాళ్లకు ఇవ్వరు.

ప్రశ్న: ఆ మాత్ర డెంగ్యూకి పనికొస్తుందా? – ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: రాదు. అది ఒంట్లోని ఫైలేరియా పురుగుల మీద పనిచేసే మందు, డెంగ్యూ తెచ్చేది వైరస్. దోమ కూడా వేరే. క్యూలెక్స్‌కు మురుగు కాలువ ఇష్టం, డెంగ్యూ దోమ ఏడిస్‌కు శుభ్రమైన నిలవనీళ్లు. పైగా ఇది పగలు కుడుతుంది. ఫ్రిజ్ వెనకాల ట్రే ఒకసారి చూసుకోండి. ఊరందరికీ చెప్పే మా ఇంట్లోనే పోయిన వారం అందులో తోకపురుగులు (దోమ పిల్లలు) గిలగిలా కదులుతూ దొరికాయి. మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయలేను.