హాలీవుడ్ నటుడు క్లింట్ ఈస్ట్‌వుడ్ అంటే కొందరికి ఎందుకంత అభిమానం?

నా వరకు కారణం, ఆయన మాట తక్కువ. 1964లో ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ తీసిన కౌబాయ్ సినిమా 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' స్క్రిప్టులో తన డైలాగులు చాలావరకు ఆయనే తగ్గించుకున్నారు. చుట్ట కొరుకుతూ, కళ్లు చికిలించి నిలబడితే చాలు, ఎదుటివాడికి టెన్షన్ మొదలవుతుంది. పేజీల కొద్దీ డైలాగులకు ఈలలు వేసే మా నెల్లూరు జనానికి ఇది కొత్త రుచి.

నిజానికి ఆ కౌబాయ్ గాలి మాకు ముందే సోకింది. 1971లో కృష్ణ గారితో 'మోసగాళ్లకు మోసగాడు' తీసిన కె.ఎస్.ఆర్. దాస్ గారు అప్పటి మా జిల్లా వెంకటగిరిలో పుట్టినవారే. ఆ సినిమా చూశాకే నేను ఈస్ట్‌వుడ్‌ను వెతుక్కుంటూ వెళ్లాను.

అన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించేది 1992 నాటి 'అన్‌ఫర్‌గివెన్'. అరవై దాటాక తనే దర్శకత్వం వహించి, గుర్రం ఎక్కడానికి కూడా తంటాలు పడే ముసలి హంతకుడిగా నటించారు. మనిషి ప్రాణం తీయడం ఎంత ఘోరమో ఆ పాత్ర నోటితోనే చెప్పించారు. తుపాకీతో పేరు తెచ్చుకున్న నటుడు అలా చేయడానికి చాలా ధైర్యం కావాలి. ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు రెండూ దానికి వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం ముందు ఈస్ట్‌వుడ్‌తో లియోనీ తీసిన మూడు సినిమాలూ చూసి, తర్వాతే దాని జోలికి వెళ్లండి.