నీళ్ళు తెల్లబడ్డాయని ట్యాంకులో ఏదీ పొయ్యబాక అల్లుడూ

అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన నీ ఉప్పునీళ్ళ చేపల ట్యాంకు వీడియో నాలుగైదు సార్లు చూశా, మీ అత్తకి కూడా చూపించా. నీళ్ళలో మైదాపిండి చల్లినట్టు సన్నటి తెల్ల నలుసులు తిరగతా ఉండాయి, ఆ జత క్లౌన్ చేపలు మాత్రం చురుగ్గానే ఉండాయి, అదొక్కటే నాకు ధైర్యం. నువ్వేమో పొద్దున్నే షాపుకి పోయి నీళ్ళు తేటపడే సీసా ఏదో తెస్తానంటివి. తేబాక. ఆ నలుసు ఏందో తెలీకుండా మందు పోస్తే ఇప్పుడుండే ఒక సమస్య రెండవుద్ది.

నేను తీరం ఎమ్మటి రొయ్యల హాచరీలో ఇరవై ఏళ్ళు పైన చేశాను గదా, రొయ్య పిల్లల సీడ్ ట్యాంకులో నీళ్ళు మసకబారితే మేం మొదట చేసే పని బీకరుతో నీళ్ళు ముంచి వెలుతురుకి పెట్టి చూడటం, మందు మాట తర్వాత. నువ్వూ అదే చెయ్యి. శుభ్రమైన గాజు గ్లాసులో, సబ్బు వాసన లేకుండా కడిగింది, ట్యాంకు నీళ్ళు పట్టి కదలకుండా ఒక రాత్రి పెట్టు. తెల్లారి చూస్తే అడుగున తెల్లటి పొర పేరుకోనుంటే అది ఇసక దుమ్మో సున్నపు రాయో. నీళ్ళు ఇంకా పల్చటి పాల మాదిరే ఉంటే బ్యాక్టీరియా. పచ్చటి ఛాయ ఉంటే నాచు. గ్లాసులో పట్టిన రెండు నిమిషాలకే నలుసులు పైకి తేలి మాయమైతే అవి నలుసులే కాదు, గాలి బుడగలు. ఎండలకి సంపులో, అంటే ట్యాంకు కిందుండే ఫిల్టర్ తొట్టిలో, నీళ్ళు తగ్గిపోయి నీళ్ళు పైకి తోసే రిటర్న్ పంపు గాలి లాగతా ఉంటది, లేదంటే మురికిని నురగలా తీసేసే కొత్త స్కిమ్మరు ఇంకా కుదురుకోక బుడగలు కక్కతా ఉంటది. పది నిమిషాలు పంపు ఆపి చూడు, తేటపడితే సంపులో మంచి నీళ్ళు పోసి లెవెల్ పెంచు, పని అయిపోద్ది. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు, అందుకని తగ్గినదానికి ఉప్పునీళ్ళు పొయ్యకూడదు.

ఇంకోటి, రాత్రి లైట్లార్పి పక్కనుంచి టార్చి కొట్టు. నలుసులు ఒక్కొక్కటీ టక్ టక్ మని ఎగిరి కదలతా ఉంటే అవి ప్రాణమున్న పురుగులు, కోపిపాడ్లు, చేపలకి బంగారం లాంటి మేత, వాటినేం చెయ్యబాక. నత్తలు గుడ్లూ వీర్యం వదిలినా ఒక్కసారిగా నీళ్ళు పాలమాదిరి అవుతాయి.

ఇప్పుడు నాకు అసలు అనుమానమున్న చోటికి వస్తా. పోయిన ఆదివారం క్యాల్షియం, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ళ క్షార బలం) రెండూ తక్కువుండాయని ఒకేసారి కలిపానని చెప్పావు గదా. క్యాల్షియానికి పోసే క్యాల్షియం క్లోరైడు, ఆల్కలినిటీకి పోసే సోడా రెండూ ఒకే చోట ఎమ్మటెమ్మటే పడితే అవి అక్కడికక్కడే కలిసి క్యాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయి పొడి అయిపోతాయి, అదే నీకు కనపడే మంచు. గ్లాసు అడుగున పేరిందాని మీద నాలుగు చుక్కలు తెల్ల వెనిగర్ వేసి చూడు, బుసబుస పొంగితే అదే. నీ దగ్గరుండేది పగడపు ఇసక అయితే దాని దుమ్ము కూడా పొంగుద్ది, అందుకని ఇసక కదిపావా లేదా గుర్తు తెచ్చుకో. సున్నమే అయితే కంగారు లేదు, ఫిల్టర్ ప్యాడ్ రోజూ మారుస్తా ఉండు, రెండ్రోజుల్లో పోద్ది. కానీ టెస్టులో మళ్ళీ తక్కువ చూపించిందని అదే రోజు ఇంకో డోసు మాత్రం పొయ్యబాక, ఉన్న పొడి మీదే అదీ పేరుకుంటది. మొదట మెగ్నీషియం చూసుకో, 1250 నించి 1350 పీపీఎం మధ్య లేకపోతే నీళ్ళలో కరిగుండే సున్నం తొందరగా పొడిగా విడిపోద్ది. క్యాల్షియం 400 నించి 450 పీపీఎం, ఆల్కలినిటీ దాని డీకేహెచ్ కొలతలో 8 నించి 11 చాలు, అంతకుమించి ఎక్కించే ఆశ వొద్దు. ఇకమీదట రెండిటికీ మధ్య కనీసం అరగంట, పంపు ఎదుట నీళ్ళు జోరుగా తిరిగే చోట కొద్ది కొద్దిగా. నీళ్ళు వేడెక్కినా సున్నం విడిపోతుంది, అందుకే హీటర్ మీద ముందు తెల్లగా పొలుసు కడుతుంది, మన నెల్లూరు ఎండలకి ట్యాంకు 27 డిగ్రీలు దాటనియ్యకుండా ఫ్యాన్ పెట్టుకో.

గ్లాసు తెల్లారినా పాలమాదిరే ఉంటే మాత్రం నాకు భయం. రొయ్యల గుంటల్లో రైతులు బెల్లంనీళ్ళలో ప్రోబయోటిక్, అంటే మేలు చేసే బ్యాక్టీరియా, నానబెట్టి కొడతారే, తీపి తిని బ్యాక్టీరియా పెరుగుద్ది, అట్టాంటిదేదన్నా నువ్వు వేశావా, లేదా మేత ఎక్కువ వేశావా, చచ్చిన నత్త రాళ్ళ సందున ఉందా చూడు. పెరిగే బ్యాక్టీరియా నీళ్ళలో ఆక్సిజన్ తాగేస్తుంది. గుంటల కాడ ఏరేటర్లు రాత్రంతా తిప్పేది ఎందుకు, తెల్లారుజామున ఆక్సిజన్ అడుగంటుతుందని గదా. నేను ఇంట్లో మొదటిసారి ట్యాంకు పెట్టినప్పుడు నీళ్ళు పాలమాదిరి అయితే పొద్దున చూద్దాంలే అని పడుకున్నా, నడిరాత్రి కరెంటు పోయింది, లేచేసరికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి ఉండాయి, మూడు దక్కలేదు. ఇప్పటికీ ఆ పొద్దు గుర్తొస్తే నాకు మనసు బాగుండదు. అందుకే చెప్తుండా, ఈ రాత్రి నించే గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి పెట్టు, బ్యాటరీ పంపు ఒకటి పక్కనుంచుకో, మేత రెండ్రోజులు ఆపు, అమ్మోనియా టెస్టు చెయ్యి, స్కిమ్మరు ఆపబాక. అమ్మోనియా చూపిస్తే పదో వంతు నీళ్ళు మార్చు.

నీళ్ళు మార్చేటప్పుడు ఉప్పుని నీళ్ళలో వెయ్యి, ఉప్పు మీద నీళ్ళు పొయ్యబాక, కొంచెం నీళ్ళలో ఎక్కువ ఉప్పు కరిగితే అక్కడే సున్నం విడిపోయి తెల్లగా అవుద్ది. నీ ట్యాంకుకి 20 లీటర్లు చాలు, దానికి సుమారు 750 గ్రాముల సముద్రపు ట్యాంకు సాల్ట్ మిక్స్, పంపు పెట్టి బాగా కలిపి తేటపడ్డాక కొలిస్తే ఉప్పదనం వెయ్యికి 35 రావాలి. వంట ఉప్పు పనికిరాదు. నీళ్ళు ఆర్వోవి వాడతానన్నావు, ఇళ్ళల్లో ఆర్వోకి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) స్క్రూ ఒకటి ఉంటది, రుచి కోసం బోరు నీళ్ళు కొంచెం కలపతా ఉంటది, టీడీఎస్ మీటరు పెట్టి చూడు, సున్నా దగ్గర్లో ఉండాలి.

మీ నాన్న పటిక తిప్పమన్నాడంట. బిందెలో తాగేనీళ్ళకి అది సరే, ట్యాంకులో వొద్దు, ఆల్కలినిటీని తినేస్తుంది, మెత్తటి పగడాలకి పడదు. మైపాడు నించి సముద్రం నీళ్ళు క్యాన్లలో తెస్తానన్న మాట కూడా మానుకో, వానల్లో పెన్న బురదంతా అక్కడికే వస్తుంది, ఉప్పు శాతం పడిపోతుంది. హాచరీలో ఆ నీళ్ళని తేర్చి, ఇసక ఫిల్టరులో వడగట్టి, బ్లీచింగ్ కొట్టి, హైపో మందుతో ఆ క్లోరిన్‌ని విరిచి అప్పుడు వాడేవాళ్ళం, ఇంట్లో అదంతా నీకెక్కడ కుదురుద్ది.

గ్లాసు ఇప్పుడే పట్టి టీవీ పక్కన పెట్టు, పొద్దున ఏడుకి ఫోటో పంపు. ఆదివారం ఉప్పదనం కొలిచే నా రిఫ్రాక్టోమీటరు తీసుకోని నేనే వస్తా, అందాకా ఎయిర్ స్టోన్ ఆపబాక.

మీ మామ