డాక్టర్ సలహా: యాంటీబాడీలను తగ్గించే ఇంజెక్షన్‌తో రోగనిరోధక శక్తి పోతుందా?

ప్రశ్న: మాది గాజువాక. నా వయసు 31. మూడేళ్లుగా మయస్తీనియా గ్రేవిస్‌ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉంది. సాయంత్రమయ్యేసరికి రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. పిరిడోస్టిగ్మిన్‌, స్టెరాయిడ్‌ వాడుతున్నాను. నిరుడు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీలు) కూడా ఎక్కించారు. ఇప్పుడు ఎఫ్‌సీఆర్‌ఎన్‌ను అడ్డుకునే కొత్త ఇంజెక్షన్‌ ఉందని, దాంతో యాంటీబాడీలు తగ్గుతాయని మా న్యూరాలజిస్ట్‌ చెప్పారు. అవి తగ్గితే ఊళ్లో జ్వరాలన్నీ నాకే అంటుకుంటాయేమోనని టెన్షన్‌గా ఉంది. రెండో బిడ్డ కావాలనీ అనుకుంటున్నాం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, విశాఖపట్నం

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదమ్మా. కానీ ఈ ఇంజెక్షన్‌ రోగనిరోధక శక్తి మొత్తాన్ని దెబ్బతీయదు. తగ్గించేది ఒక్క రకం యాంటీబాడీలను, అంటే ఐజీజీని మాత్రమే.

రక్తనాళాల లోపలి కణాలు రక్తంలోని ద్రవాన్ని కొద్దికొద్దిగా మింగుతూ, అందులోని ప్రొటీన్లను అరిగించేస్తుంటాయి. ఐజీజీ కూడా అలాగే లోపలికి వెళ్తుంది. అక్కడి ఆమ్ల గుణం వల్ల ఎఫ్‌సీఆర్‌ఎన్‌ అనే రిసెప్టర్‌ (కణంలో ఐజీజీని పట్టుకునే ప్రొటీన్‌) దాని తోకను పట్టుకుంటుంది, అరిగిపోనివ్వకుండా మళ్లీ రక్తంలోకి వదిలేస్తుంది. అందుకే ఐజీజీ సుమారు మూడు వారాలు నిలుస్తుంది. ఐజీఎం, ఐజీఏ అనే మిగతా రకాల యాంటీబాడీలకు ఈ రక్షణ లేదు, వారం లోపే తగ్గిపోతాయి. చిక్కల్లా ఈ రిసెప్టర్‌కు మంచీ చెడూ తెలియకపోవడమే. తట్టు రాకుండా చూసే యాంటీబాడీనీ, మీ నరం నుంచి కండరానికి సంకేతం అందకుండా చేసే యాంటీబాడీనీ ఒకేలా కాపాడుతుంది.

ఎఫ్గార్టిజిమాడ్‌ లాంటి మందులు ఆ రిసెప్టర్‌ను తామే ఆక్రమించుకుంటాయి. అమెరికాలో ఎఫ్గార్టిజిమాడ్‌కు 2021 డిసెంబరులో అనుమతి వచ్చింది. వారానికొకటి చొప్పున నాలుగు డోసులు ఇస్తే ఐజీజీ దాదాపు 60 శాతం తగ్గుతుంది. తెల్ల రక్తకణాలు, కొత్త యాంటీబాడీలు తయారుచేసుకునే శక్తి అలాగే ఉంటాయి. మందు ఆపితే కొన్ని వారాల్లో ఐజీజీ మళ్లీ పెరుగుతుంది. జలుబు, మూత్రంలో ఇన్ఫెక్షన్‌ కాస్త ఎక్కువగా వస్తాయి, చాలావరకు తేలికపాటివే. నన్నడిగితే, ఏళ్ల తరబడి పెద్ద మోతాదులో స్టెరాయిడ్‌ మింగడానికే ఎక్కువ భయపడాలి.

నిరుడు మీకిచ్చిన ఐవీఐజీ కూడా కొంతవరకు ఈ దారిలోనే పనిచేసింది. బయటి ఐజీజీ అంత పెద్ద మొత్తంలో వచ్చేసరికి మీ చెడు యాంటీబాడీలకు రిసెప్టర్‌ దొరకలేదు. ఈ రెండూ కలిపి తీసుకుంటే మాత్రం ఎక్కించిన ఐజీజీని కూడా కొత్త మందు తగ్గించేస్తుంది, డబ్బు దండగ.

మీకున్నది ఏ యాంటీబాడీయో రాయలేదు. అది ముందు తేలాలి. ఎఫ్గార్టిజిమాడ్‌కు అమెరికాలో మొదట అనుమతి వచ్చింది ఎసిటైల్‌కోలిన్‌ రిసెప్టర్‌ (నరం సంకేతాన్ని కండరంలో అందుకునేది) యాంటీబాడీ పాజిటివ్‌ ఉన్నవారికి. ఆ రిపోర్టు పాజిటివ్‌ అయితే, మీ వయసులో ఛాతీలో ఉండే థైమస్‌ గ్రంథి తీయించడం గురించి కూడా అడగండి. ఫ్లూ, నిమోనియా, హెపటైటిస్‌–బి టీకాలు మందు మొదలుపెట్టే ముందే వేయించుకోండి. మందు వాడుతున్నప్పుడు లైవ్‌ టీకాలు (బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసినవి) వద్దు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. వానలు మొదలయ్యాయంటే విశాఖలో జ్వరాలు మామూలే. మెడికల్‌ షాపుకు వెళ్లి అజిత్రోమైసిన్‌ మూడు మాత్రలు, కాకపోతే సిప్రో, లెవోఫ్లాక్ససిన్‌ తెచ్చుకుని వేసుకోవడం ఇంటింటా అలవాటు. ఈ మూడూ మయస్తీనియాను ఒక్కసారిగా ముదిరేలా చేయగలవు. జ్వరమొస్తే మీ డాక్టర్‌ను అడగకుండా ఏ యాంటీబయాటిక్‌ వేసుకోవద్దు. ఊపిరి కండరాలు ఎలా ఉన్నాయో తెలియాలంటే గట్టిగా గాలి పీల్చి, ఆ ఒక్క ఊపిరిలోనే పైకి అంకెలు లెక్కపెట్టి చూసుకోండి. 20 దాకా వెళ్లలేకపోతే అది రాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఇక బిడ్డ విషయం. ఇదే రిసెప్టర్‌ మాయ(ప్లాసెంటా)లోనూ ఉంటుంది. తల్లి ఐజీజీని బిడ్డకు చేరవేసేది అదే, చివరి నెలల్లో మరీ ఎక్కువగా. గర్భిణులకు వేసే టీడీ టీకా పసికందును ధనుర్వాతం నుంచి కాపాడేది ఇలాగే. మీ చెడు యాంటీబాడీలు కూడా ఆ దారినే వెళ్తాయి. మయస్తీనియా ఉన్న తల్లుల బిడ్డల్లో 10–20 శాతం మందికి మొదటి రోజుల్లో ఏడుపు సన్నగా రావడం, పాలు చీకలేకపోవడం కనిపిస్తుంది. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. కానీ ప్రసవం ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) ఉన్న ఆసుపత్రిలోనే పెట్టుకోవాలి.

గర్భిణుల్లో ఈ మందు వాడిన అనుభవం ఇంకా తక్కువే. కాబట్టి ముందు జబ్బును అదుపులోకి తెచ్చుకుని, మందు ఎప్పుడు ఆపాలో న్యూరాలజిస్ట్‌తో, గైనకాలజిస్ట్‌తో కలిసి మాట్లాడుకున్నాకే గర్భం గురించి ఆలోచించండి. గర్భంలో వాడాల్సి వస్తే బిడ్డకు మీ నుంచి అందే రక్షణ తగ్గుతుంది. పుట్టగానే వేసే బీసీజీ, ఆరో వారంలో వేసే రోటా చుక్కలు లైవ్‌ టీకాలే కనుక పిల్లల డాక్టర్‌కు ఈ సంగతి ముందే చెప్పాలి. బీపీ పెరిగిన గర్భిణులకు ఫిట్స్‌ రాకుండా ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్‌ మీకు ప్రమాదకరం. ఆ మాట మీ కేస్‌ షీట్‌ మొదటి పేజీలోనే రాయించండి.