అమెరికా సోషల్ సెక్యూరిటీ: పొదుపా, పంపకమా?

అమెరికా ప్రభుత్వ పెన్షన్ పథకమైన సోషల్ సెక్యూరిటీ ధనికుల్ని దోచి పేదలకు పెడుతోందని కొందరంటారు. అసలు ఇందులో ఎవరు కట్టింది వాళ్లకే తిరిగొస్తుందా, లేక ఒకరిది తీసి మరొకరికి ఇస్తారా? రెండోదే ఎక్కువ. జీతంలో ఉద్యోగి 6.2 శాతం, యజమాని అంతే పన్నుగా కడతారు. అందులో చాలా భాగం ఇప్పటికే రిటైరైనవాళ్లకు వెళ్లిపోతుంది. 1940లో మొదటి నెలవారీ చెక్కు అందుకున్న ఐడా మే ఫుల్లర్ కట్టింది 24.75 డాలర్లు, చనిపోయేలోగా పొందింది 22,888.92 డాలర్లు!

పెన్షన్ లెక్క కట్టేటప్పుడు సగటు నెల సంపాదనలో తొలి భాగానికి 90 శాతం, తర్వాతి భాగానికి 32, ఆపైన 15 శాతమే ఇస్తారు. అంటే దామాషాలో చిన్న జీతగాళ్లకే లాభం. అయితే ఒక పరిమితి దాటిన జీతంపై ఈ పన్నే లేదు. పైగా డబ్బున్నవాళ్లు సగటున ఎక్కువకాలం బతుకుతారు, అన్నేళ్లూ పెన్షన్ తీసుకుంటారు. ధనికుల్ని దోచి పేదలకు పెడుతున్నారనడం నాకైతే అతిగానే అనిపిస్తుంది.